బూటులో మామిడిపండు

దాచడం నాకు బాగా వచ్చు.
పెరంబూరులో మూడో అంతస్తు, రెండు గదులు,
ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసే పెద్దమ్మ.
ఆ ఇంట్లో ఏడాదిన్నర దాచాను
వేలెడంత నీలం గొట్టాన్ని,
కంటిచుక్కల మందులా కనిపించే సీసాని,
దానిమీద నోరూరించే మామిడిపండు బొమ్మ.

పప్పుల డబ్బాలో పెట్టలేను, పెద్దమ్మ ఉంది.
చీరల మడతల్లో పెట్టలేను, అక్కడా పెద్దమ్మే.
మంచం కింద, పొద్దుటి పరుగు మానేశాక విసిరేసిన
పాత బూటుంది, ఎడమకాలిది.
కంపు కొట్టే బూటులో ఎవరు చెయ్యి పెడతారు?

చెయ్యి ఎవరూ పెట్టలేదు.
మూతి పెట్టింది

తవుడు.
ఒంటి రంగు చూసి పెద్దమ్మ పెట్టిన పేరు.
కింది వాటా మరగదమ్మాళ్ తన అరవంలో
"తవిడూ" అంటుంది,
రెండు భాషలకీ ఒకటే తోక ఊపుతుంది.
రైలు డబ్బాల కార్ఖానా గోడ పక్కన, వానలో దొరికింది.
వచ్చిన రాత్రి నుంచీ ఆ బూటుని కన్నబిడ్డలా
నోట కరుచుకు తిరిగేది.
అది నాకు తెలుసు. తెలిసే అందులో పెట్టాను.

ఆ మంగళవారం స్నానం చేసి వచ్చేసరికి
గదంతా మామిడితోట.
తీపి వాసనకి ఒళ్ళు జలదరిస్తుందని
అప్పటిదాకా తెలీదు.
గచ్చుమీద నీలం పెంకులు,
పంటిగాట్లు పడ్డ సీసా,
తవుడు నోటినుంచి తీగలు తీగలుగా చొంగ.
లేవబోయి కూలబడింది.
నాలుగు కాళ్ళూ నాలుగు దారులు పట్టాయి.
పక్కటెముకల కింద ఎవరో
కుట్టుమిషను ఆపకుండా తొక్కుతున్నారు.

"ఉప్పునీళ్ళు పోసి కక్కించు" అంది మెట్లమీది గొంతు.
"నోట్లో ఏమీ పొయ్యొద్దు, వెంటనే తీసుకురండి,
ఆ సీసా కూడా" అంది ఫోనులో గొంతు.
సీసా కూడా.
అక్కడ ఒక్క క్షణం ఆగాను.
ఆ క్షణాన్ని మాత్రం ఇప్పటికీ
ఎక్కడా దాచలేకపోతున్నాను.

ఆటోలో తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే
నా వణుకేదో దాని వణుకేదో తెలీలేదు.
పురసవాక్కం దగ్గర డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు,
ఎర్రదీపాన్ని చూడనట్టు పోనిచ్చాడు.

వేపేరిలో డాక్టరమ్మ అడిగింది, "ఏం తింది?"
పక్కనే పెద్దమ్మ, కాళ్ళకి చెప్పులైనా లేవు.
"బిస్కెట్టు" అనడానికి
నాలుక అప్పటికే సిద్ధంగా ఉంది, పాత అలవాటు.
సీసా తీసి బల్లమీద పెట్టాను.
దేశంలో అమ్మకూడని సరుకు,
మూడురెట్లు పోసి కొన్నది,
ట్యూబ్‌లైటు కింద ఎంత చిన్నగా ఉందో.
డాక్టరమ్మ పోలీసు మొహం పెట్టలేదు.
లేబులు మీది అంకె చదివింది, కుక్క బరువు అడిగింది,
పెదాలు కదుపుతూ ఏదో గుణించింది.
ఆ లెక్క నాకు చెప్పలేదు.

రాత్రంతా సెలైను చుక్కలు చూస్తూ కూచున్నాను.
తెల్లవారుజామున తవుడు తల ఎత్తి
సూది గుచ్చిన కాలు నాక్కుందట.
నేను కునుకు తీశాను, పెద్దమ్మ చూసింది.
అప్పుడు నోరు విప్పింది:
"నా కళ్ళనుంచి దాచావు, సరే.
దాని ముక్కునుంచి ఎక్కడ దాస్తావే?"

మానేశానని రాయాలని ఉంది.
కొత్తది ఉంది. పెద్దమ్మ ఇనప బీరువాలో,
గాజుల పెట్టె పక్కన. తాళంచెవి ఆవిడ బొడ్లో.
అడిగి తీసుకోవాలి, మేడమీదికి పోవాలి,
చేతులు కడుక్కుని తిరిగి అప్పగించాలి.
అడగడానికి మొహం చెల్లక
కొన్ని వారాలు అలాగే గడిచిపోతాయి.
ఖాళీ సీసా అయినా వంటింటి బుట్టలో పడదు,
ఆ బుట్ట తవుడికి రెండో కంచం.

నిన్న సాయంత్రం మళ్ళీ ఆ బూటు తెచ్చి
నా పాదాల దగ్గర పెట్టింది,
ఆడుకుందాం అన్నట్టు.
లోపల చెయ్యి పెట్టి చూశాను. ఖాళీ.
విసిరేముందు
మళ్ళీ చూశాను.