నకలు కూలి

పుటకు మూడు సోల్దీలు ఇచ్చేవాళ్లు నాకు.
స్వరాలు కిక్కిరిసిన పుటకీ
ఉత్త విరామాలున్న పుటకీ అదే కూలి.
అందుకే బాకావాడి భాగమంటే నాకు ప్రాణం:
అరవై గడులు మౌనం, రెండు ఊదులు, మళ్లీ మౌనం.

ఒరెస్తె గ్వందలీని రాసిన పదకొండు ఒపేరాలూ
ఈ వేళ్ల గుండానే అంకోనా రంగస్థలమెక్కాయి.
గోడల మీద ఆయన పేరు మీరు చూసుంటారు,
నేను ఆయన కొట్టేసినవి చూశాను.

మొదటిది మిలాన్‌లో రెండో అంకం దాటలేదు.
ఈలలకి జడిసి తెర తాళ్లవాడే దించేశాడట.
అందులోని తుఫాను మటుకు వృథా పోలేదు.
నాలుగోదానిలో ఓడ మునిగింది దాంతోనే,
ఏడోదానిలో రాణికి పిచ్చెక్కిందీ దాంతోనే.
నాకు తెలుసు,
మూడుసార్లూ కూలి తీసుకున్నాను.

ఆట రోజు మధ్యాహ్నం దాకా ప్రారంభసంగీతం ఉండేది కాదు.
మేడ కిటికీలోంచి తడి ఆరని కాగితాలు విసిరేవాడు,
వీధిలో ఒడి పట్టి నిలబడేదాన్ని,
చేపలవాళ్లు పనులాపి నవ్వేవాళ్లు.

తర్వాత తొమ్మిదేళ్లు ఏమీ రాయలేదు.
జనం ఉత్తరాది నుంచి దిగిన కొత్త హోరుకి మరిగారు.
ఆయన పట్టుపురుగులు పెంచాడు.
అవీ చచ్చాయి.

చివరిది చిక్కుడుగింజల సూప్ తాగుతూ రాశాడు, వణికే చేత్తో.
మూడో అంకం, కూతురు తలుపు మూసే చోట
నడిమి గీత మీద ఒక చుక్క.
స్వరమో, సూపో.
అడుగుదామంటే కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు.
స్వరమనే రాశాను, వియోలాకి.

రిహార్సల్లో అది పలికింది
పిలవని పేరంటానికి వచ్చిన మనిషిలా,
కొంచెం బెదురుగా, కొంచెం తప్పుగా.
చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు.
నా వైపు తిరిగాడు.
నా పైప్రాణాలు పైనే పోయాయి.
ఏమీ అనలేదు.
మర్నాడు దాని చుట్టూ ఉన్న వేణువుల్నీ కొమ్ముల్నీ ఫిడేళ్లనీ
అడ్డగీతలతో కొట్టేసి పంపాడు,
అదొక్కటే వినపడేలా.

ఆ చోట బాల్కనీల్లో రుమాళ్లు తీసేవాళ్లు.
నేను తెర వెనక గోళ్లలో సిరా గిల్లుకుంటూ వినేదాన్ని.

శవయాత్రకి ఊరి బ్యాండు
ఆ తుఫానునే వాయించింది, బాగా నెమ్మదిగా,
అడుగులకి సరిపడేట్టు.
నకలు నేనే రాశాను, రాత్రంతా కూర్చుని, నలభై ఒక్క పుటలు.
కూలి ఎవర్నడగాలో
తెలియలేదు.