పులవని రాత్రి

కొర్లగుంటలో గ్రైండరు తిరుగుతుండగానే
చెంగల్రాయులు గుండె ఆగింది.
పదకొండు నిమిషాలని అంబులెన్సు చీటీలో ఉంది.
రాయి మాత్రం ఆగలేదంట;
పక్కింటాయన ప్లగ్గు పీకేదాకా
మినప్పప్పు నలుగుతానే ఉండిందంట.

గుండె మళ్లీ దారికొచ్చింది. మనిషి రాలేదు.
మెదడు చెడకుండా ఒళ్లు చల్లబరచాలన్నారు.
తొడలకు నీళ్ల దుప్పట్లు చుట్టి
ముప్పై మూడు డిగ్రీలకు దించి నిలబెట్టినారు.
మే నెల. కిటికీ అవతల కొండ
పెనం మాదిరి కాలతా ఉంది.

నా పని చిన్నది.
పూటకోసారి దూదిపుల్ల తిప్పి తీసిన చిటికెడు మలాన్ని
సీసాలో మూసి, పేరు రాసి, ల్యాబుకు పరుగెత్తడం.
గుండె ఆగితే పేగు కూడా ఊపిరాడక అల్లాడతుంది.
పలచనైన గోడ దాటి ఎవరు అవతలికి పోయినారో,
చలికి ఎవరు ముడుచుకున్నారో, ఎవరు బలిసినారో
నాకు తెలీదు. తెలీకనే ఈ సీసాలు.

వరండాలో నేలమీంచి లేవకుండానే అడిగింది ధనభాగ్యమ్మ:
"ఏం ఎత్తకపోతా ఉండావు నాయనా?"
చెప్పినాను, సిగ్గుపడతా, తడుముకుంటా.
పొట్టలో కోట్ల ప్రాణాలుంటాయమ్మా,
ముప్పై ఏడు దగ్గర వాటి కాపురం,
ఇప్పుడు చలి పెట్టినాం గదా...

చెయ్యి అడ్డం పెట్టింది.
"నాకు జెప్పేదేముంది అబ్బయ్యా.
మార్గశిరంలో నా పిండి పులవదు.
గోనె చుట్టి పొయ్యి పక్కన పెడతా.
చచ్చినట్టే ఉంటాది. చావదు.
తొందరపడి వేన్నీళ్లు పోసినామా, చెడిపోతాది.
మెల్లింగా కాగాల."

గంటకు పావు డిగ్రీ.
మా కాగితంలోనూ అంతే రాసుంది.

రెండో రాత్రి. ముప్పై నాలుగు. ముప్పై నాలుగున్నర.
డాక్టరమ్మ స్టెతస్కోపు పొట్టమీద ఆనించి
చానాసేపు విని, తల అడ్డంగా ఊపింది.
నా ప్లేట్లమీద కొన్ని చుక్కలు మొలిచినాయి.
కొన్నిచోట్ల ఏమీ లేదు.
ఆ ఖాళీకి ఇంకా పేరు పెట్టలేదు నేను.

తెల్లారుజామున, ముప్పై ఆరు దాటినాక,
వెంటిలేటరు ఈలల మధ్య
చెంగల్రాయులు దుప్పటి కిందనుంచి
పొడుగ్గా, ఏ అనుమానమూ లేకుండా, ఒక శబ్దం.
నర్సు రెజీనా మాస్కు లోపల నవ్వాపుకోలేకపోయింది.
కళ్లు తెరవలేదు. వేలు కదల్లేదు. అదొక్కటే.

వరండాలోకి పోయి, ఎట్ల చెప్పాలో తెలీక
ఉన్నదున్నట్టు చెప్పినాను.
ధనభాగ్యమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
భుజాలు కదిలినాయి, ఏడుపో నవ్వో.
"పొంగింది," అనింది.
కాసేపటికి,
"నలభై ఇండ్లకు పిండి పొయ్యాల," అని లేచి
చీకట్లో చెప్పులు వెతుక్కుంది.