బోరబండ, సైట్ త్రీ

మా బస్తీ పేరే సైట్ త్రీ.
సైటు తెరుస్తున్నానంటే ఈదమ్మ
"ఏ సైటు బిడ్డా, వన్నా, టూనా?" అంటుంది.
బల్దియా సైటు, అంటాను.
"అది యాడుంది? బస్సు వోతదా?"

బస్సు పోని ఆ ఊరికి
నా జిరాక్స్ దుకాణంలో రోజూ టికెట్లు కొడుతుంటాను.
ఫారానికి ముప్పై, ప్రింటుకి ఐదు.
ముసలోళ్ళకి ప్రింటు ఉచితం, కరెంటు ఉంటే.

అబద్ధమెందుకు, మంచి రోజులూ ఉన్నాయి.
మొన్న రాత్రి పదకొండింటికి
నుజ్‌హత్ టీచరు కొడుకు పుట్టిన పత్రం
టీ చల్లారేలోపు చేతికొచ్చింది.
ఆమె పుట్టినప్పుడు అదే కాగితానికి వాళ్ళ అబ్బా
సర్కిల్ ఆఫీసు మెట్ల మీద నాలుగు శుక్రవారాలు పోగొట్టుకున్నాడు,
ఎవరి జేబులోనో రెండొందలు పెట్టాడు.
ఇంటి పన్ను కట్టడమైతే మరీ సులువు.
తీసుకునేచోట సైటు రెప్ప వాల్చదు.

అడిగేచోటే కునుకు.

గంగారం వాళ్ళ గల్లీలో మోరీకి మూత లేదు.
ఎవరో అందులో ఒక కట్టె గుచ్చిపోయారు, చూసుకొమ్మని.
ఫిర్యాదు పెట్టాను, ఫోటో పెట్టాను.
మ్యాపులో మా గల్లీ లేదు.
ఎన్నిసార్లు గుచ్చినా ఆ ఎర్ర సూది
దూరంగా ఏదో పార్కులో
బంతిపూల మధ్య దిగబడుతోంది.
మూడో రోజు మెసేజు:
మీ సమస్య పరిష్కరించబడినది.

బడినది!
నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం.
మా సారు చెప్పేవాడు,
కర్త దాక్కోవాలంటే
కర్మణి ప్రయోగమంత చక్కని చాటు లేదురా అని.
గంగారానికి సగమే వినపడింది,
"పడినదా? ఎవరు పడ్డరన్నా అండ్ల?"
అంటూ చెప్పులు వదిలేసి గల్లీలోకి ఉరికాడు.

ఈదమ్మది ఇంకో గోస.
అన్నిటికీ ఓటీపీ పోయేది సాయిలు నంబరుకి.
సాయిలు పోయి రెండు వానకాలాలు.
నంబరు మార్చాలంటే
ముందు పాత నంబరుకి ఓటీపీ వస్తుందట.
అందుకే ఆ డబ్బా ఫోనుకి నెలనెలా రీచార్జి చేయిస్తుంది,
కొంగున ముడేసి తెస్తుంది.
అది టింగుమంటే
"మాట్లాడిండు" అంటుంది, నవ్వకుండా.

నిన్న తెలుగు పేజీ తెరిచాను.
ఏ యంత్రం తిప్పిందో,
హోమ్ అని ఉండాల్సిన చోట
"ఇల్లు" అని ఉంది,
ఎడమ మూలన, చిన్న పెంకుటింటి బొమ్మ పక్కన.
రాత్రిబడి చలవ, ఈదమ్మ కూడబలుక్కుంది.
ఇ... ల్లు...
"ఇగో, గీడనే ఉందిగదనే!
అర్జీ వెట్టి ఆరేండ్లాయె.
నొక్కు బిడ్డా."

చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు.
నొక్కాను.
చక్రం తిరిగింది,
మధ్యలో ఫ్యాను ఆగి మళ్ళీ తిరిగింది.
వచ్చింది మొదటి పేజీ.
పూలదండలు, జరిగిపోయే నవ్వు మొహాలు,
పైన పెద్దక్షరాల్లో స్వాగతం.

"వచ్చినమా?" అంది ఈదమ్మ.

పోతూ పోతూ బల్ల మీద ముప్పై పెట్టింది.
వద్దంటే వినలేదు.
"ఆడిదాంక తీస్కవోయినవు గద, కిరాయి."

రాత్రి లెక్క చూసుకున్నాను.
పదహారు ఫారాలు, నాలుగొందల ఎనభై.
సైటు సరిగ్గా నడిస్తే ఇందులో సగం రాదు.
ఈ ముక్క ఎక్కడా రాయలేదు.
సలహాల పెట్టె అడిగినప్పుడు కూడా
"బాగుంది" అని నొక్కినవాణ్ణే.

షట్టర్ దించి గంగారం గల్లీగుండా నడిచాను.
దీపం లేదు.
మోరీలో కట్టె వంగిపోలేదు,
ఎవరో నిటారుగా నిలబెట్టి
కొసకి చీరపేలిక కట్టారు, ఎర్రది,
చీకట్లో కూడా కనిపించేంత పెద్దది.
ఎవరని అడిగితే గల్లీ అంతా భుజాలెగరేసింది.

కట్టబడినది.