లకుముకి, మూడో అంకం

స్పాంజి ఆరబెట్టే గోదాము ఇది.
నలభై ఏళ్ళ తాళం నూనె తాగింది, సుత్తి దెబ్బలు తింది,
చివరికి ఒక పిల్లాడు హెయిర్‌పిన్నుతో తీశాడు.
కాలిమ్నోస్ దీవి, జనవరి.
గోడలింకా సముద్రాన్ని కక్కుతున్నాయి,
నా మైకులన్నిటికీ ఉప్పు పట్టింది.

నేను శబ్దం మనిషిని.
పిరయస్ నుంచి రాత్రంతా ఓడ,
మూడు పెట్టెల తీగలు, ఒక దగ్గు.
చూడ్డం నా పని కాదు.

కథ మాకు రల్లూ చెప్పింది, ఒక సిగరెట్టు కాలేలోగా:
ఆల్కియోనీ మొగుడు ఓడెక్కాడు. తుఫాను.
సంగతి తెలియక ఆమె రోజూ అతని బట్టలు మడిచేది,
క్షేమంగా రావాలని దేవతకు ధూపం వేసేది.
చచ్చినవాడి కోసం వేసే ధూపానికి దేవతకే సిగ్గేసి
ఒక కలని పంపింది,
మొగుడి మొహం తగిలించి, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా.
తెల్లారి ఒడ్డున శవం.
ఆమె దూకింది. నీళ్ళు తగలకముందే రెక్కలొచ్చాయి.
లకుముకి పిట్ట. అతనూ అంతే.
ఇక ఏటా చలికాలంలో పద్నాలుగు రోజులు
ఆమె గుడ్లు పొదుగుతుంటే గాలి నోరు మూసుకుంటుంది.

"మనదాంట్లో పాట ఉండదు," అంది రల్లూ.
"పాటకు ముందు లోపలికి తీసుకునే గాలి ఉంటుందే, అదే ఆపెరా."
బెర్గెన్ నుంచి వచ్చిన ఇంగ్వీల్డ్
నలభై నిమిషాలు ఊపిరి పీలుస్తుంది. పాడదు.
సెల్లోకి తీగల బదులు వలతాళ్ళు.
డ్రమ్ము బదులు గజ ఈతగాడి ఇత్తడి శిరస్త్రాణం,
సగం దాకా నీళ్ళు, ఒక గరిటె.
నవ్వొచ్చింది నాకు.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాక
కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

కోరస్‌కి ఊరి ఆడవాళ్ళు పదకొండు మంది కావాలన్నారు,
తొమ్మిది మంది వచ్చారు.
థెమెలీనాకి డెబ్భై తొమ్మిది. మోకాలి నొప్పి. సంచిలో నారింజలు.
అరవై తొమ్మిదిలో లిబియా నీళ్ళలో దిగాడు సకెల్లారిస్,
తాడొక్కటే పైకొచ్చింది.

"ఇక్కడ మీరు శోకాలు పెట్టాలమ్మా, మీ పద్ధతిలో."
"ఎవరికి?"
"మీ ఆయనకి."
థెమెలీనా నారింజ వొలుస్తోంది. తొక్క తెగకుండా.
"నీ పిట్టకి శవమైనా దొరికింది.
తాడు మీద పడి ఏడుస్తారటే ఎవరైనా?"

తొన నోట్లో వేసుకుంది. గింజ ఊసింది.
నా మైకుకి అది పిడుగు.

"కావాలంటే లెక్కపెడతాను.
పెళ్ళికి ముందు రేవులో మునిగి చూపించేవాడు నాకు.
మెట్టు మీద కూర్చుని లెక్కపెట్టేదాన్ని.
నూట ఎనభై దాటిందంటే తిట్లే."

ఒకటి, అంది. రెండు.
గొంతులో ఏ వణుకూ లేదు, కూరగాయలు ఎంచుతున్నట్టు.
అరవై దగ్గర గరిటె ఆగింది.
నూట ఇరవై దగ్గర ఇంగ్వీల్డ్ ఊపిరి పీల్చడం మరిచిపోయింది,
మీటరు మీద ముల్లు పడుకుంది.
నూట ఎనభై.
"గాడిదా, పైకి రా!"
నూట ఎనభై ఒకటి.

రల్లూ మూడో అంకం కాగితాలు నాలుగుగా చించి
కదులుతున్న బల్ల కాలి కింద పెట్టింది.

మొదటి రాత్రి ప్రదర్శనలో ఆరువందల పన్నెండు దాకా వెళ్ళింది.
ఏథెన్స్ నుంచి వచ్చినవాళ్ళు ఏదో రాసుకున్నారు.
రెండో రాత్రి తొంభై నాలుగు దగ్గర ఆగి,
లేచి, చీకట్లో చెప్పుల కోసం వెతుక్కుంది.
"ఇవాళ తొందరగా తేలాడు,"
అని పక్కామెతో చెప్పి
సంచి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

బయట గాలి మాత్రం నోరు మూసుకోలేదు.
ఓడ రద్దు. మర్నాడు కూడా రద్దు.

ఆ రాత్రి టేపులో ఆమె వెళ్ళాక ఇరవై ఆరు నిమిషాలున్నాయి:
కిర్రుమన్న కుర్చీ, ఎవరో ముక్కు ఎగబీల్చడం,
ఇత్తడిలో నీళ్ళు వాటంతటవే సర్దుకోవడం,
నారింజ వాసన.
వాసన టేపుకెక్కదు, తెలుసు.