పాత సంతకం

సగం దినం జీతం కోతకు ఒప్పుకొని
రువీల పచ్చబోర్డు బ్యాంకుకు వచ్చిన,
పదకొండేండ్ల ఖాతా బందు వెట్టనీకి.

కొత్త బ్యాంకోళ్లు క్యాంపుకే వచ్చి
మినిమం బ్యాలెన్సు అక్కర లేదన్నరు,
ఇంటికి పంపితే రుసుం సగమే అన్నరు,
తలా ఒక నీలం పెన్ను పంచిన్రు.
నర్సాగౌడు ఒక్కడే షరతుల కాయితం
రెండు రాత్రులు సదివి
"ఆ సగం ఆర్నెల్లేరా" అన్నడు.
అయినా అందరం ఎక్కినం,
బస్సు వచ్చినంక ఆగుతమా.

"సంతకం కలుస్తలేదు" అన్నది కౌంటర్ల పిల్ల.
తెర నా దిక్కు తిప్పింది.
ఆడున్నడు పోశెట్టి,
ఒక్కో అక్షరం ఆగి ఆగి,
చివర్ల తోక ఎత్తి,
కొత్త చొక్కా తొడుక్కున్నోని లెక్క.

టోకెన్ చీటీ ఎనుక ఐదుసార్లు గీకిన.
ఒక్కటీ వాడు కాదు.
వానికి బొటనవేలు వంగుతుండె,
ఇనుప కడ్డీ కట్టుడు ఇంకా రాకుండె.

"పోనీ, వేలిముద్ర వెయ్యి" అన్నది, మంచిగనే.
ఆ సిరా డబ్బా తప్పించుకోనీకే గదా
రూంల యూసుఫ్ దగ్గర
నెల రోజులు సంతకం దిద్దింది.

ఆరోసారి అద్దాలు తీసి, కాయితం చూడకుంట పెట్టిన.
కలిసిందో, జాలిపడ్డదో,
టక్కున స్టాంపు కొట్టింది.
మూడు రియాళ్ల నాలుగు వందల బైసలు
గాజు కింది నుంచి ముంగటికి జరిపింది.

వానివి.
లెక్కవెట్టుకొని జేబుల ఏసుకున్న.