అరవై దగ్గర

డారాజానీ బజారులో
లవంగాల కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య
మనిషి పక్కకి తిరిగితేగాని పట్టని సందులో
నా బల్ల.

ఆమె డాలాడాలా దిగి వచ్చింది,
కంగా గుడ్డలో చుట్టిన లాప్‌టాప్‌ని
జ్వరమొచ్చిన పిల్లలా చంకనేసుకుని.
"జోఖా. పాజే నుంచి.
ముప్పై ఇద్దరు ఆడవాళ్ల నాచు లెక్కలు ఇందులో ఉన్నాయి.
సాయంత్రం ఆటుకి నేను నీళ్లలో ఉండాలి."

వైద్యుడు అడిగేవే నేనూ అడుగుతాను:
ఎప్పట్నుంచి? వైరు పీకి పెడితే?
కింద పడిందా? తడిసిందా?
తడి అనగానే నవ్వింది.
సగం బతుకు మోకాళ్ల దాకా సముద్రంలో నిలబడే మనిషిని
తడి గురించి అడిగాను.

ముందు గోడ. సాకెట్టులో కరెంటు ఉంది.
తర్వాత చార్జర్. మీటరు పంతొమ్మిది చూపించింది,
దాని తప్పేం లేదు.
తర్వాత వైరు. మెడ దగ్గర చిట్లిన చోట
ఎవరో వల దారంతో కట్టు కట్టారు,
నా టేపు కన్నా గట్టిగా ఉంది. వదిలేశాను.

"బ్యాటరీ చచ్చింది ఫుండీ" అన్నాడు మకామే.
పనిలో చేరి మూడు నెలలు,
వాడికి ఏది చూసినా చావే కనిపిస్తుంది.

వెనక్కి తిప్పాను. పదకొండు మరలు.
పన్నెండోది ఎప్పుడో
ఎవరి బల్ల కిందికో దొర్లిపోయి ఉంటుంది.
చార్జింగ్ రంధ్రం లోపల
నెమలి మెడ రంగు పొడి.
ఉప్పు.
సముద్రం తాను రానక్కర్లేదు,
గాలి చేతికిచ్చి పంపితే చాలు.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు.
దీనికా దారి లేదు.
స్పిరిట్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో
మారాం చేసే పిల్లాడికి పళ్లు తోమినట్టు తోమాను.

నారింజ దీపం.
మూడు. నాలుగు.
మకామే మొహం తిప్పుకున్నాడు.
నేను మధ్యాహ్నం నమాజుకి వెళ్లొచ్చేసరికి
యాభై ఎనిమిది.
యాభై తొమ్మిది.
అరవై.

అల్లం టీ చల్లారింది.
అరవై.

వైరు పీకి పెట్టాను. అరవై.
ఆపేసి, బటన్ మీద వేలు పెట్టి ముప్పై లెక్కపెట్టాను. అరవై.
మకామే గెలిచినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

అప్పుడు, మెషీను పూర్తిగా నిద్ర లేవకముందే పట్టుకుని,
ఎవరూ దిగని సెట్టింగుల అడుగుకి దిగాను.
అక్కడుంది, చిన్న టిక్కు:
*ఆయుష్షు కోసం అరవై వద్ద ఆపు.*

అట్ట కింద సగం చిరిగిన స్టిక్కరు, రోటర్‌డామ్ ఆఫీసుది.
ఏ గుమాస్తానో, ఏ అధికారో, నాకు తెలీదు,
పాత సామాను కంటైనర్లో
ఆ జాగ్రత్త కూడా ఎక్కి వచ్చింది.

జోఖాకి చెప్పాను: ఇది జబ్బు కాదు, అలవాటు.
రోజూ కడుపు నిండా పట్టిస్తే త్వరగా ముసలిదవుతుందని
వెనకటి మనిషి గీసిన గీత.

ఆమె కాసేపు ఆలోచించింది.
"వాళ్ల దగ్గర కరెంటు పోతుందా?"
"పోదు."
"అదీ సంగతి.
నూతి పక్కన ఉన్నవాళ్లు సగం కుండతో సరిపెట్టుకుంటారు.
మాకు మంగళవారం పోతే బుధవారం వస్తుంది.
నాకు నిండా కావాలి."

"ఏడాదో ఏడాదిన్నరో ముందే పోతుంది."
"నా మోకాళ్లూ అంతే."

టిక్కు తనే తీస్తానంది.
తాళ్లకి ముళ్లు వేసి వేసి గీతలరిగిన వేలిని
టచ్‌ప్యాడ్ గుర్తుపట్టలేదు.
మళ్లీ పట్టలేదు.
మూడోసారి నాలుక మీద తడి చేసుకుని నొక్కింది.

అరవై ఒకటి.

ఎనభై మూడు దగ్గర పాజే బండి హారన్ కొట్టింది.
పన్నెండో మర నా డబ్బాలోంచి వేసి బిగించాను,
దానికి లెక్క కట్టలేదు.
గుడ్డలో చుట్టుకుని, పక్కకి తిరిగి, సందు దాటి పోయింది.

ఇచ్చిన నోట్లు చెమ్మగా ఉన్నాయి.
మీటరు పక్కన పరిచి
మకామేని ఫ్యాన్ ఇటు తిప్పమన్నాను.