బానెట్ కింద ఎండ

మా ఊళ్ళో ఇళ్ళు నేల లోపల ఉంటాయి.
కూబర్ పీడీలో ఎండకి ఎదురు నిలబడరు,
ఎర్రరాతిని తొలిచి గదులు చేసుకుని
నలభై ఎనిమిది డిగ్రీలని నెత్తిమీద వదిలేసి
చల్లటి గోడకి వీపు ఆనించి కూచుంటారు.
బండికే ఆ వసతి లేదు.

నాన్న తన ఫాల్కన్ యూట్‌కి
అడిలైడ్ నుంచి హెడర్లు తెప్పించాడు.
పోత ఇనుప మానిఫోల్డులు రెండూ ఊడదీసి
షెడ్డు మూల పడేశాడు, చచ్చిన దున్న దవడల్లా.
కొత్తవి అటు నాలుగు, ఇటు నాలుగు, పలచటి గొట్టాలు,
జంతికల్లా మెలికలు తిరిగి.
మోత బాగుంది, ఒప్పుకుంటాను.
పబ్బు ముందు నుంచి వెళ్తే గ్లాసులు వణికేవి.

వేడి సంగతి ఎవరూ చెప్పలేదు.
పోత ఇనుము కడుపులో పెట్టుకున్నదాన్ని
ఈ పలచటి తోలు పెట్టుకోలేదు.
మొదటి వారం ప్లగ్గు వైరు తొడుగు
పాకంలా సాగి కిందకి జారింది.
నాన్న బానెట్ వెనకంచు కింద వాషర్లు పెట్టి ఎత్తాడు,
వేడి పోతుందని.
దుమ్ము వచ్చింది.
మూడో వారం స్టార్టర్ మొరాయించింది.
చల్లగా ఉంటే తిరుగుతుంది.
కాలితే "టిక్" అని ఒక్క ముక్క, అంతే.

జోర్కా పిన్నిని పూడ్చిన రోజు కూడా అదే ముక్క.
(బతికినా చచ్చినా మాకు నేల లోపలే చోటు.)
అందరి బండ్లూ వెళ్ళిపోయాయి.
శ్మశానం గేటు దగ్గర మేం, తెరిచిన బానెట్,
ఇంకా ఎందుకో ఆగిన ఇలియాస్.
ఒక ఒపల్ పొర ఎవరి హద్దులో ఉందన్నదానిమీద
పదకొండేళ్ళుగా మాటల్లేవు ఇద్దరికీ.
ఆయన తన ట్రక్కులోంచి నీళ్ళ డబ్బా తెచ్చి
ఇంజను మీదకి వంచబోయాడు.
"పొయ్యకు," అన్నాడు నాన్న.
"పగుల్తుంది."

పదకొండేళ్ళ తరవాత మాట అదీ.
స్టార్టర్ చల్లబడడానికి నలభై నిమిషాలు.
బండి నీడ ఇద్దరికి చాలినంతే ఉంది,
నేను ఎండలో నిలబడ్డాను.
ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు.
ఎక్కువ లేదు.

ఆదివారం పొద్దున్నే ఇలియాస్ వచ్చాడు
మూసేసిన తన కెఫే నుంచి పెద్ద బేకింగ్ ట్రే పట్టుకుని.
దాన్ని కోసి, వంచి, స్టార్టర్‌కి అడ్డం బిగించాం.
గాజునార పట్టీ బకెట్లో నానబెట్టి
ఒక్కో గొట్టానికీ తడిగా చుట్టాం,
సగం మీద సగం, బిగువు సడలకుండా,
కాలు విరిగిన గొర్రెకి కట్టు కట్టినట్టు.
కింద పడుకున్నది నేనే.
పైనుంచి రెండు జతల చేతులు అందించేవి,
కత్తెర, ఉక్కు తీగ, అడగని సలహా.
"పట్టీలో తడి నిలిస్తే గొట్టం తుప్పు పడుతుంది,"
అన్నాను.
ఇద్దరూ ఒకేసారి నవ్వారు.
ఈ ఊళ్ళో తుప్పుకి నీళ్ళెక్కడివి!

మొదటిసారి స్టార్ట్ చేస్తే
బానెట్ నిండా తెల్లటి పొగ.
నాన్న తాళం లాగెయ్యబోయాడు.
"ఉండు, మిలెంకో, మండేదేం లేదు, ఆరుతోంది,"
అన్నాడు ఇలియాస్.
మాంసం ఉడికిందా అని చూసే తన థర్మామీటరు
తీగతో లోపల వేలాడదీశాడు.
శుక్రవారం నేను వేలాడదీసింది చివరి గీత దాటి పగిలింది.
ఇది నడిమిలో ఆగి ఆలోచిస్తోంది.

వేడి ఎక్కడికీ మాయం కాలేదు.
గొట్టాన్ని కట్టుకుని వెనక దాకా నడిచి
సైలెన్సర్ చివర నా మడమని కాల్చింది.

సాయంత్రం పబ్బు ముందు బండి ఆపి
అయిదు నిమిషాలకే తాళం తిప్పాడు నాన్న.
టక్కున అందుకుంది.
కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు, నా భ్రమేమో.
తాళం వెనక్కి తిప్పి
లోపలికెళ్ళి ఇలియాస్ పక్కన కూచున్నాడు.

గాజునార ముక్కలు కంటికి కనపడవు,
సబ్బుకి పోవు.
వారం రోజులు ఇద్దరూ ముంజేతులు గోక్కుంటూ
ఎవరి చెయ్యి ఎక్కువ ఎర్రగా ఉందని
వాదించుకుంటూనే ఉన్నారు.